ముడుమాల్ నిలువురాళ్లు, ఐర్లండు సమాధిరాళ్లు: పోలికకు హద్దు ఎక్కడ?

సంఘ చరిత్ర పాఠాలలో ఐర్లండు దేశానికి దక్కేది ఒకటి రెండు పుటలు. క్రీ.శ. 5వ శతాబ్దంలో పాట్రిక్ సేవ, 563లో కొలంబా అయోనా ద్వీపానికి వెళ్లి స్థాపించిన మఠం, ఆ మఠాల సన్యాసుల ద్వారా ఐరోపాకు సువార్త తిరిగి వెళ్లడం. ఇంతటితో పాఠం ముగుస్తుంది. అంతకు ముందు ఆ దేశంలో ఎవరుండేవారు అనే ప్రశ్నకు, డ్రూయిడ్లు అనే అన్యమత పూజారులు పెద్ద పెద్ద రాళ్ల మధ్య పూజలు, బలులు జరిపించేవారు అని ఒక్క వాక్యంతో సరిపెట్టడం రివాజు. ఆ వాక్యంలోని సగం తప్పు. ఆ తప్పు పుట్టుకకు మన నిజాం రాజ్యంతో, ముఖ్యంగా కృష్ణా తీరంలోని పల్లెలతో ఒక విచిత్రమైన సంబంధం కూడా ఉంది.

మన దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో పుట్టి పెరిగిన వేదాంత విద్యార్థికి పెద్దరాతి కట్టడాలు కొత్త కాదు. ఊరి బయట గట్టు పక్కన గుండ్రంగా పేర్చిన బండరాళ్లు, నడుమ రాళ్ల కుప్ప, దాని కింద నాలుగు పలకలతో పెట్టెలాగా చేసిన గుంత. వీటిని కొన్ని ఊళ్లలో రాకాసి గుళ్లు అంటారు, కొన్ని ఊళ్లలో పాండవుల గుళ్లు అంటారు. నిజానికి అవి గుళ్లు కావు, సమాధులు. చరిత్రకారులు ఈ కాలాన్ని బృహత్ శిలాయుగం అని పిలుస్తారు. మన చేలలో ఉన్న వాటిని చూడకుండానే ఐర్లండు రాళ్ల గురించి పరీక్షలో వ్రాసే విద్యార్థులు మన కళాశాలల్లో ఉన్నారు. కాబట్టి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటం అవసరం.

రెండు దేశాలను కలిపిన అధికారి

ఈ పోలిక మొదట తెచ్చినవారిలో ఫిలిప్ మెడోస్ టేలర్ ముఖ్యుడు. 1808లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పుట్టి, చిన్న వయసులోనే ఇండియాకు వచ్చి నిజాం కొలువులో సైనికోద్యోగిగా చేరాడు. 1839లో థగ్గుల గురించి ఆయన వ్రాసిన నవల ఇంగ్లండులో బాగా పేరు పొందింది. 1841లో ఆయనను సురపురం సంస్థానానికి పంపారు. ఇది బోయ నాయకులు ఏలిన చిన్న రాజ్యం. పాలమూరు సరిహద్దు దాటి కృష్ణానది వెంబడి పడమరగా పోతే వస్తుంది. ఇప్పుడు కర్ణాటకలోని యాదగిరి జిల్లాలో ఉంది. బాలరాజు వెంకటప్ప నాయకుని పక్షాన రాజ్య వ్యవహారాలు చూస్తూ, దొరికిన తీరికలో టేలర్ చుట్టుపక్కల ఉన్న రాతి సమాధులను వెతికించి త్రవ్వించాడు. జేవర్గి, రాజన్‌కోలూరు, విభూతిహళ్లి వంటి చోట్ల ఆయన చూసినవి వందల సంఖ్యలో ఉన్నాయి.

ఆయన పనితీరు ఆ కాలానికి చాలా ముందున్నది. అప్పట్లో త్రవ్వకం అంటే కుండ, కత్తి, పూస ఏది దొరికితే అది పైకి తీయడం. టేలర్ మాత్రం సమాధిని నిలువుగా కోసినట్టు పటం గీసి, ఏ మట్టి పొరలో ఏ ఎముక, ఏ కుండ ఉన్నదో గుర్తించాడు. దాదాపు వందేళ్ల తరువాత మార్టిమర్ వీలర్ వంటి పురావస్తు శాస్త్రజ్ఞుడు ఆ పటాలను మెచ్చుకున్నాడు.

1860లో టేలర్ ఆరోగ్యం చెడి ఇండియా విడిచి డబ్లిన్ నగరం దగ్గర స్థిరపడ్డాడు. అక్కడ ఐర్లండు పల్లెల్లోని రాతి సమాధులను చూసినవాడికి దక్కనులో తాను త్రవ్వినవి గుర్తు రాకుండా ఎలా ఉంటాయి? అదే గుండ్రని రాళ్ల వరుస, అదే రాతి పెట్టె, అదే పైకప్పు బండ. రాయల్ ఐరిష్ అకాడమీ ఎదుట ఒక పెద్ద వ్యాసం సమర్పించాడు. అది అకాడమీ సంపుటంలో 1865 నాటికి అచ్చయింది. దాని పేరులోనే ఆయన నిర్ణయం ఉంది: దక్కనులోని ఈ కట్టడాలను కెల్టిక్ లేదా డ్రూయిడ్ లేదా సిథియన్ కట్టడాలు అన్నాడు. అంటే ఐర్లండులోనూ కృష్ణా తీరంలోనూ రాళ్లు పేర్చినది ఒకే మూలానికి చెందిన జాతి అని, మధ్య ఆసియా నుండి ఒక శాఖ పడమరకు, ఒక శాఖ దక్షిణానికి పోయిందని ఆయన తలంపు. కొన్ని సమాధులలో తలలు వేరుగా, మొండేలు వేరుగా కనబడినందున నరబలి జరిగిందని కూడా అనుకున్నాడు. ఆయన వ్యాసాలన్నింటినీ 1941లో హైదరాబాదు పురావస్తు శాఖ ఒక పుస్తకంగా తెచ్చింది.

గీసిన పటం సరైనది, చెప్పిన వంశావళి తప్పు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం మనం ఆలోచించవలసిన సంగతి. కంటితో చూసిన దానిని ఎంతో జాగ్రత్తగా వ్రాసిన మనిషి, చూడని దానిని పోలిక మీద ఆధారపడి చెప్పేసరికి దారి తప్పాడు.

డ్రూయిడ్లు కట్టని రాళ్లు

ఐర్లండు సంగతి ఇప్పుడు టేలర్ కాలం కంటె ఎంతో స్పష్టంగా తెలుసు. బాయ్న్ నది వంపులో న్యూగ్రేంజ్ అనే మట్టి రాళ్ల గుట్ట ఉంది. వ్యాసం సుమారు 85 మీటర్లు. లోపలికి దాదాపు 19 మీటర్ల పొడవైన ఇరుకు దారి, దాని చివర సమాధి గది. ద్వారం మీద కిటికీలాంటి ఒక సందు వదిలారు. సంవత్సరంలో అతి చిన్న పగలు ఉండే డిసెంబరు 21 ప్రాంతంలో, ఉదయించే సూర్యుని కిరణం ఆ సందులోంచి దూరి గది లోపలి దాకా పోయి, సుమారు 17 నిమిషాలు వెలిగించి తిరిగి పోతుంది. ఈ సంగతి అక్కడి జానపదుల నోట చాలాకాలంగా ఉన్నా, 1967లో త్రవ్వకాల ఆచార్యుడు మైఖేల్ ఓకెల్లీ లోపల కూర్చుండి కన్నులారా చూసి నిర్ధారించాడు. ఈ కట్టడం కాలం క్రీ.పూ. 3200 ప్రాంతం. ఈజిప్టు గీజా పిరమిడ్లకంటె ఐదారు వందల ఏండ్లు పెద్దది.

దీనిని కట్టినవారికి ఇనుము తెలియదు, రాగి కూడా తెలియదు. వారు రాతి గొడ్డళ్లతో అడవి కొట్టి గోధుమ, బార్లీ పండించిన రైతులు. క్లేర్ మండలంలోని పౌల్‌నబ్రోన్ అనే రాతి సమాధిని 1980లలో త్రవ్వినప్పుడు ముప్పై మందికి పైగా పెద్దలు, పిల్లల ఎముకలు దొరికాయి. 2020లో ప్రచురితమైన జన్యు పరిశోధన ప్రకారం వీరి పూర్వీకులు పశ్చిమ ఆసియాలోని అనటోలియా వైపు నుండి తరతరాలుగా ఐరోపాలో వ్యాపించిన తొలి రైతులు. కెల్టిక్ భాషలు, డ్రూయిడ్లు చరిత్రలోకి వచ్చేది దీనికి రెండున్నర, మూడు వేల ఏండ్ల తరువాత. అంటే డ్రూయిడ్లకు న్యూగ్రేంజ్ ఎంత పాతదో మనకు గౌతమ బుద్ధుని కాలం అంత పాతది, ఇంకా కొంచెం ఎక్కువే.

మరి డ్రూయిడ్లను రాళ్లతో ముడిపెట్టినది ఎవరు? జూలియస్ సీజర్ వంటి రోమనులు డ్రూయిడ్ల గురించి వ్రాశారు గాని ఈ రాళ్ల కట్టడాల ప్రస్తావన తేలేదు. ముడిపెట్టినవారు 17, 18వ శతాబ్దాల ఇంగ్లండు పండితులు. వారిలో అందరికంటె ఎక్కువ ప్రచారం చేసిన విలియం స్టూక్లీ ఆంగ్లికన్ సంఘ కాపరి కావడం గమనార్హం. 1740లో స్టోన్‌హెంజ్ మీద ఆయన వ్రాసిన గ్రంథం ఉద్దేశం చరిత్ర మాత్రమే కాదు. డ్రూయిడ్లు అబ్రాహాము కాలపు మతాన్ని అనుసరించినవారని, వారి విశ్వాసం రాబోయే క్రైస్తవ్యానికి దగ్గరగా ఉండేదని నిరూపించాలని ఆయన కోరిక. ఉద్దేశం మంచిదే కావచ్చు. ఆ సదుద్దేశమే రెండు వందల ఏండ్లపాటు చదువుకున్నవారిని పెడదారి పట్టించింది. టేలర్ వాడిన డ్రూయిడ్ అనే మాట వెనుక ఉన్నది ఈ సాహిత్యమే.

మన మెట్ట ప్రాంతపు రాళ్లు

ఇక మన వైపు వద్దాము. ఉమ్మడి నల్గొండ జిల్లా భువనగిరి దగ్గర రాయగిరిలో 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలోనే రాతి సమాధులు త్రవ్వారు. హైదరాబాదులోని డాక్టర్ ఇ.హెచ్. హంట్ వంటి వారు వీటి గురించి వ్యాసాలు వ్రాశారు. నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టేటప్పుడు నల్గొండ వైపు ఒడ్డున ఉన్న ఏలేశ్వరం గ్రామంలో అబ్దుల్ వహీద్ ఖాన్ ఆధ్వర్యంలో త్రవ్వకాలు జరిగాయి. 1963లో నివేదిక వచ్చింది. శాతవాహన, ఇక్ష్వాకు కాలపు కట్టడాలతో పాటు అక్కడ బృహత్ శిలాయుగపు సమాధులు కూడా బయటపడ్డాయి. ఇప్పుడు ఆ ఊరు నీటి కింద ఉంది.

ఇటువంటి సమాధులలో దొరికేవి దాదాపు ఒకే రకం. లోపల నలుపు, బయట కింద ఎరుపు ఉండే కుండలు. ఇనుప కొడవళ్లు, గొడ్డళ్లు, బాణపు మొనలు, కత్తులు. ఎర్రరాతి పూసలు. చాలాచోట్ల పూర్తి అస్థిపంజరం ఉండదు. శవాన్ని ముందు మరొకచోట ఉంచి, తరువాత ఎముకలు ఏరి తెచ్చి పెట్టినట్టు కనబడుతుంది. టేలర్ నరబలి అనుకున్న వేరుపడిన తలలకు ఈ ఆచారం కూడా ఒక వివరణ కాగలదు. దక్షిణ భారతంలో ఇనుము వాడిన ఈ సమాధులు ఎక్కువ భాగం క్రీ.పూ. 1200 తరువాతివి, కొన్ని క్రీస్తు శకారంభం దాకా సాగినవి. ఒక్క ఇనుప కొడవలి చాలు, ఐర్లండు బంధుత్వం తెగిపోవడానికి. న్యూగ్రేంజ్ వారికి ఇనుము లేదు. మన సమాధుల వారికి ఇనుము నిత్యావసరం. రెంటి మధ్య రెండు వేల ఏండ్ల ఎడం.

వీటన్నిటిలో పేరు పొందినది ముడుమాల్. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా, 2019 నుండి నారాయణపేట జిల్లా, కృష్ణ మండలంలో నది ఒడ్డున ఉన్న ఊరు. సుమారు 80 నిలువురాళ్లు, కొన్ని 14 అడుగుల ఎత్తు వరకు ఉన్నాయి. వాటి చుట్టుపక్కల వేల సంఖ్యలో చిన్న రాళ్లు వరుసలు తీరి ఉన్నాయి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి. రావు చాలా ఏండ్లు ఈ స్థలాన్ని పరిశీలించారు. కొన్ని వరుసలు సూర్యుడు ఉత్తర, దక్షిణ హద్దులలో ఉదయించే, అస్తమించే దిక్కులకు సరిపోతున్నాయని, ఒక బండ మీద తొలిచిన చిన్న గుంటలు సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయని తెలిపారు. రాళ్ల కాలం 3500 నుండి 4000 సంవత్సరాల కిందటిదని అంచనా. 2025 మార్చిలో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో ముడుమాల్ చేరింది.

ఈ అంచనాలో అతి పాత తేదీ తీసుకున్నా న్యూగ్రేంజ్ దానికంటె వెయ్యేళ్లకు పైగా ముందుది. అయినా ఇద్దరూ సూర్యుడినే చూశారు. ఎందుకు? బంధుత్వం అక్కరలేదు. వాన ఎప్పుడు, విత్తనం ఎప్పుడు అనే ప్రశ్న ఐర్లండు రైతుకూ ఉంది, కృష్ణా ఒడ్డు రైతుకూ ఉంది. పంచాంగం లేనప్పుడు దిగంతమే పంచాంగం. కదలని రాయి ఒకటి నాటితే సూర్యుడు ఎంత జరిగాడో తెలుస్తుంది. అలాగే చనిపోయిన పెద్దలను భూమిలో దాచి పైన గుర్తు ఉంచాలనే కోరిక ఏ ఒక్క జాతి సొత్తూ కాదు.

కథలలో కూడా ఇదే చిత్రం. రాతి సమాధులను ఇక్కడ పాండవుల గుళ్లు అంటే, ఐర్లండులో అటువంటి వాటిని డియర్మడ్, గ్రానియా అనే పురాణ ప్రేమికుల పడకలు అంటారు. ఇక్కడ వనవాసం చేసిన పాండవులు, అక్కడ పారిపోతూ రాత్రికొక చోట తలదాచుకున్న జంట. డబ్లిన్‌కు దక్షిణాన విక్లో మండలంలో ఒక రాళ్ల వలయం ఉంది. ఆదివారం ఆరాధన మాని నాట్యమాడినవారు, వారికి బూర ఊదినవాడు అక్కడే రాళ్లైపోయారని కథ. ముడుమాల్‌లో కూడా శాపం తగిలి మనుషులే రాళ్లయ్యారని చెప్పుకుంటారు. ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. ఐర్లండు కథలో శాపానికి కారణం ఆదివారం మీరడం, అంటే ఆ కథ క్రైస్తవులైన తరువాత అల్లినది. రాయి పాతది, కథ కొత్తది. కథను బట్టి రాయి వయసు చెప్పలేము.

రాతిలో సిలువను చూడటం

సంఘ కాపరులకు ఇంకొక శోధన ఉంది. 1860లలో ములుహేరన్ అనే సర్వే ఉద్యోగి గోదావరి వైపు అడవులలో, అంటే నేటి ములుగు, భద్రాద్రి ప్రాంతాలలో, రాతి సమాధుల పక్కన సిలువ ఆకారపు శిలలు చూసి తెలియజేశాడు. 1872లో జేమ్స్ ఫెర్గూసన్ తన ప్రపంచ బృహత్ శిలల గ్రంథంలో వాటి బొమ్మలు వేసి, అవి క్రైస్తవ సిలువలేనని భావించాడు. ఆ లెక్కన మధ్యయుగంలోనే తెలంగాణ అడవులలో క్రైస్తవ సంఘం ఉండాలి! ఇంతకంటె తియ్యని వార్త మనకు ఏముంటుంది? ఇప్పటికీ ఈ మాటను ప్రసంగాలలో వాడేవారు ఉన్నారు.

తరువాతి పరిశోధకులు ఆ శిలలను సమాధులతోపాటే చూసి, అవి సిలువలు కావని, చేతులు చాచిన మనిషి ఆకారాలని తేల్చారు. అటువంటి మానవాకార శిలలలో కొన్నింటిపై స్త్రీ దేహ లక్షణాలు చెక్కి ఉన్నాయి. అవి చనిపోయిన పెద్దల ప్రతిరూపాలు కావచ్చు. స్టూక్లీ గారు డ్రూయిడ్లలో అబ్రాహామును చూసినట్టు, ఫెర్గూసన్ శిలలో సిలువను చూశాడు. మన ప్రజల పూర్వ చరిత్రలో ప్రభువు సాక్ష్యం వెతకాలనే ఆశ తప్పు కాదు. ఆ ఆశ ఆధారాన్ని మించిపోయినప్పుడు మాత్రం, ఒకనాడు చదువుకున్న గ్రామ యువకుడే మనలను నిలదీస్తాడు. అప్పుడు రాతి విషయంలో మన మాట నమ్మనివాడు పునరుత్థానం విషయంలో నమ్ముతాడా?

దీనికి ఎదురు దిక్కున మరో శోధన ఉంది, రాయిని పగలగొట్టడం. దీనికి పాట్రిక్‌నే ఉదాహరణగా చూపుతారు. క్రోమ్ క్రూయహ్ అనే విగ్రహాన్ని పాట్రిక్ కూలదోశాడనే కథ అందరికీ ఇష్టం. కాని పాట్రిక్ స్వయంగా వ్రాసినవిగా మనకు మిగిలినవి రెండే, తన సాక్ష్యము, కొరోటికస్ సైనికులకు వ్రాసిన లేఖ. సాక్ష్యంలో విగ్రహారాధనను, సూర్యారాధనను ఆయన ఖండించాడు గాని, రాయి కూల్చిన సంగతి ఈ రెంటిలోనూ లేదు. ఆ కథ ఆయన తరువాత కొన్ని శతాబ్దాలకు వ్రాసిన జీవిత చరిత్రలలో వస్తుంది.

తొలి ఐరిష్ సంఘం నిజంగా ఏమి చేసింది అనడానికి రాళ్లే సాక్ష్యం. 4 నుండి 7వ శతాబ్దాల మధ్య ఐర్లండులో, పడమటి బ్రిటన్‌లో ఓఘం అనే గీతల లిపితో పేర్లు చెక్కిన నిలువురాళ్లు సుమారు నాలుగు వందలు దొరికాయి. ఫలానావాని కుమారుడు ఫలానావాడు, ఇంతే వ్రాత. ఈ అలవాటు క్రైస్తవ్యం వచ్చిన తరువాత కూడా సాగింది. కొన్నింటి మీద సిలువ గుర్తు చేరింది. ఆర్మా మండలంలో కిల్‌నసాగర్ట్ అనే చోట క్రీ.శ. 700 ప్రాంతపు ఎత్తైన రాయి ఉంది. దాని మీద అనేక సిలువలు, ఆ స్థలాన్ని అపొస్తలుడైన పేతురు పేరిట సమర్పించినట్టు ఐరిష్ భాషలో శాసనం ఉన్నాయి. వారు తమ పెద్దల నిలువురాతి పద్ధతిని పారవేయలేదు. పాత రాయి క్రైస్తవులదే అని అబద్ధమూ చెప్పలేదు. కొత్త రాయి నిలబెట్టి, దాని మీద ఎవరి పేరో, ఎవరి నామమో స్పష్టంగా చెక్కారు.

పరిశుద్ధ గ్రంథంలో కూడా రాయి ఒకే అర్థంతో రాదు. యాకోబు బేతేలులో స్తంభం నిలిపాడు (ఆది. 28:18), రాహేలు సమాధి మీదా నిలిపాడు (ఆది. 35:20). కుమారుడు లేని అబ్షాలోము తన పేరు నిలవడానికి బ్రతికి ఉండగానే స్తంభం కట్టించుకున్నాడు (2 సమూ. 18:18). యొర్దాను దాటినప్పుడు పన్నెండు రాళ్లు (యెహో. 4). అదే సమయంలో ద్వితీయోపదేశకాండము 16:22 పూజకు నిలిపే స్తంభాన్ని నిషేధిస్తున్నది. జ్ఞాపకానికి నిలిపిన రాయి వేరు, మొక్కడానికి నిలిపిన రాయి వేరు. మన చేలలోని రాళ్లలో ఎక్కువ భాగం మొదటి రకం. ఎవరి తల్లో, ఎవరి తండ్రో వాటి కింద ఉన్నారు. పాలమూరు పల్లెలలో బొందలగడ్డ కోసం మన విశ్వాసులు ఎంత అవస్థ పడుతున్నారో సంఘ కాపరులకు తెలుసు. అటువంటి మనము ఇంకొకరి బొందను పనికిరాని బండల కుప్పగా చూడటం నా దృష్టిలో సరి కాదు.

ముడుమాల్‌కు పేరు వచ్చింది కాబట్టి దానిని చూసేవారు ఉన్నారు. మిగిలిన ఊళ్లలో రాకాసి గుళ్లు చేను చదును చేసేటప్పుడు, ప్లాట్లు వేసేటప్పుడు, కంకర మిషనుకు రాయి తోలేటప్పుడు ఒక్క రోజులో పోతున్నాయి. పరిశోధనా పత్రానికి అంశం దొరకలేదని అడిగే విద్యార్థులు సెలవులలో తమ ఊరి రాళ్ల దగ్గరకు వెళ్లవచ్చు. త్రవ్వకూడదు, కదిలించకూడదు. వలయాలు ఎన్ని, ఒక్కొక్క వలయంలో రాళ్లు ఎన్ని, ఎన్ని అడుగుల అడ్డం, రాతి పెట్టె ఏ దిక్కుకు ఉంది, పలకకు గుండ్రని రంధ్రం ఉందా, సర్వే నంబరు ఎంత, ఊరిలో పెద్దలు ఏ పేరుతో పిలుస్తారు, ఏ కథ చెబుతారు. కథను ఒక పుటలో, కొలతలను వేరొక పుటలో వ్రాసి, ఫోటోలతో ఒక ప్రతి రాష్ట్ర వారసత్వ శాఖకు, ఒక ప్రతి కళాశాల గ్రంథాలయానికి ఇవ్వాలి.